సాలోమోను సాక్ష్యం

సాక్ష్యం చెప్పే ఆదివారం సాలోమోనుకు తెల్ల చొక్కా కావాలి. మామూలు తెలుపు చాలదు. శనివారం పొద్దున్నే నానబెట్టాలి, కాలరును బ్రష్షుతో రుద్దాలి, నీలిమందు పెట్టాలి, నీడలో ఆరేయాలి, కరెంటు ఉన్నప్పుడే ఇస్త్రీ చేయాలి. ఆ చొక్కా తొడుక్కుని ఆయన సంఘం ముందు నిలబడి ఏడుస్తాడు. ఏడ్చేది భార్య జోస్నా కడుపులో నిలవకుండా పోయిన పిల్లల గురించి. చొక్కా ఉతికేదీ జోస్నాయే.

మీర్‌పేట్‌లో రేకుల కప్పు వేసిన ఒక హాలు వాళ్ల మందిరం. నల్లగొండ పల్లెల నుంచి బతకడానికి వచ్చిన మేస్త్రీలు, వాచ్‌మన్లు, ఆయాలు, ఆటోలు తోలేవాళ్లు అక్కడికి వస్తారు. మగవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆడవాళ్లకు చాపలు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఒకామె జ్వరం తగ్గిందంటుంది. ఒకాయన కొడుక్కి పని దొరికిందంటాడు. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. సాలోమోనుది అట్లా కాదు. ఆయన చెప్పేది మేలు గురించి కాదు, శ్రమ గురించి, పడిన కష్టాల గురించి. ఇంత శ్రమలోనూ విశ్వాసం విడవలేదని చెప్తాడు. అది పొడుగ్గా ఉంటుంది. మధ్యలో గొంతు పూడుకుపోతుంది, ప్రతిసారీ ఒకే చోట.

"మొదటి బిడ్డ మూడో నెలల పోయింది. బాత్‌రూంల, బకీటు పక్కన. నేను దేవున్ని ఒక్క మాట అనలే. రెండో బిడ్డ…"

బకెట్టు మాట రాగానే చాపల మీది ఆడవాళ్లంతా తిరిగి జోస్నాను చూస్తారు. ఆమె తల మీది కొంగు ముందుకు లాక్కుంటుంది. ప్రార్థనప్పుడు వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి ఆమె పొట్ట మీద పడుతుంది. అడగరు. ఆ కడుపు సంఘానిది అయిపోయింది. ఏ బిడ్డ ఎన్నో నెలలో పోయిందో, ఎంత నెత్తురు పోయిందో, ఆటోలు తోలేవాళ్లకు కూడా తెలుసు. ఒకసారి మందిరం బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకాయన, "చెల్లెమ్మా, బరువులు లేపకుండ్రి," అని చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. ఆమెకు మాత్రం నడిబజారులో ఎవరో కొంగు లాగినట్టయింది.

సాలోమోను చెప్పనివి కూడా ఉన్నాయి. మొదటిసారి ఆయన నాదర్‌గుల్‌లో ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. రెండోసారి ఆమె దవాఖాన నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే, "అమ్మకు షుగరున్నది, టైముకు తినాలె, వంట ఎవరు చేస్తరు?" అన్నాడు. మూడోసారి ఐదో నెల. మగబిడ్డ. వేళ్లు విడివిడిగా ఉన్నాయి. ఆ చేతిని జోస్నా తన చూపుడువేలితో తాకింది. ఆ సంగతి సాలోమోనుకు తెలియదు కాబట్టి సాక్ష్యంలో లేదు. తెలిస్తే ఉండేది.

ఆ ఐదు నెలలూ ఆమె దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది చీరల దుకాణంలో నిలబడే ఉంది. అక్కడ చీరలు చూపించే ఆడవాళ్లు కూర్చోకూడదు. గిరాకీ లేని మధ్యాహ్నం కూడా కౌంటరు వెనక నిలబడే ఉండాలి. మేనేజరు వెంకట్రావు తిరిగే కుర్చీలో కూర్చుని, "మీరు కూచుంటే కస్టమరు కంటికి బద్ధకంగా కనపడతారమ్మా," అనేవాడు. కాళ్లు వాచి చెప్పులు పట్టని రోజున ఆమె ట్రయల్ రూములోకి పోయి నేల మీద కాసేపు కూర్చుంది. వెంకట్రావు తలుపు కొట్టాడు. "లోపల కాపురం పెట్టావా?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పని ఉండదు.

మూడో బిడ్డ పోయాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గర్భసంచి మూతి బరువు ఆపలేకపోతోంది. ఈసారి వస్తే నాలుగో నెల మొదట్లోనే మూతికి కుట్టు వేయాలి, తొమ్మిదో నెలలో విప్పాలి. చిన్న పని. జోస్నా ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చింది. సాలోమోను పాస్టరు ఫిన్నీ అయ్యగారిని అడిగొచ్చాడు.

"దేవుడు తెరిచే గర్భానికి మనిషి దారంతోని కుట్టేసుడేందన్నరు అయ్యగారు. గట్ల చేస్తే మహిమ డాక్టరమ్మకు పోతది."

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే అది సాక్ష్యంలో చేరింది. మందు లేదు, కుట్టు లేదు, ప్రభువే ఇస్తాడు. హాలంతా హల్లెలూయ అంది. "మన మధ్య ఒక యోబు ఉన్నాడు," అన్నారు ఫిన్నీ అయ్యగారు. "ప్రభువు తాను ప్రేమించినవారినే శ్రమపెడతాడు." ఇంటికి వచ్చాక అత్త రాములమ్మ మురిసిపోయింది. "నా కొడుకును యోబుతోని పోల్చిండు అయ్యగారు. గంత పేరు ఎవరికొస్తది? అంతా నీ కడుపు పుణ్యమే పో," అంది కోడలితో.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ని విడవని మనిషి యోబు. జోస్నా ఆ పూట అంట్లు తోముతూ ఆ యోబు భార్య గురించి ఆలోచించింది. యోబు పిల్లలు పది మంది ఒక్కరోజే చచ్చిపోయారు. పదిమందినీ కన్నది ఆమె. ఎన్ని ఆదివారాలు ఎంతమంది అయ్యగార్లు ఆ కథ చెప్పారు, ఒక్కరు కూడా ఆమె ఏడ్చిందా అని అడగలేదు. యోబు బూడిదలో కూర్చుంటే పలకరించడానికి స్నేహితులు వచ్చారు. ఆమె దగ్గరికి ఎవరు వచ్చారు? ఆ బూడిదలో కూర్చున్నవాడికి పుండ్లు కడిగిందెవరు, గంజి కాచిందెవరు? దేవుణ్ని తిట్టి చచ్చిపొమ్మని ఒకే ఒక్క మాట అంది, అదీ కడుపు మండి అన్నది, దానికి ఇన్ని వందల ఏళ్లుగా తిట్లు తింటోంది. చివర యోబుకు మళ్లీ పది మంది పిల్లలు కలిగారట. కలగడమంటే మాటలా? ఎవరి నడుము విరిగింది? ఆ సంగతి అత్తతో అంటే, "వాక్యానికి వంకలు పెట్టకు," అంది రాములమ్మ. జోస్నా వంక పెట్టలేదు. లెక్కలోకి రాని మనిషిని వెతికింది, అంతే.

2011 సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గు గనుల్లో పని ఆగి కరెంటు కోతలు పెరిగాయి. చీరల దుకాణం షట్టరు దించారు. సాలోమోను అటెండరుగా పనిచేసే కోచింగ్ సెంటరూ మూసేశారు. అప్పటికి జోస్నాకు మూడో నెల నిండుతోంది. ఎవరికీ చెప్పలేదు. దుకాణం మూతపడిన రోజు ఆమె సంతోషించింది. తెలంగాణ కోసం కాదు, కాళ్ల కోసం. అయితే ఇంట్లో సమ్మె లేదు. కరెంటు లేక మోటరు తిరగదు కాబట్టి కింద సంపులోంచి నీళ్లు తోడి మేడ మీదికి మోయాలి. పని లేని మగవాళ్లు మధ్యాహ్నం పూట తెలంగాణ కోసం ప్రార్థన చేయడానికి సాలోమోను ఇంటికి వచ్చేవాళ్లు. వాళ్లకు చాయ్ కావాలి. రాష్ట్రమంతా పని ఆపింది, ఆమె పొయ్యి ఆగలేదు. సంగతి చెబితే నీళ్ల మోత తప్పుతుందేమో. కానీ చెబితే వచ్చే ఆదివారానికి బిడ్డ మందిరంలో ఉంటుంది, నలుగురి నోళ్లలో, నలుగురి చేతుల కింద. చెప్పకపోతే బిడ్డ ఆమెది. నీళ్లూ ఆమెవే.

ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు సాలోమోను గడప మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. ఆమె మాట కదిపింది.

"ఒకవేళ మళ్లొస్తే, ఈసారి కుట్టేపిద్దామా?"

"వచ్చిందా?"

"రాలే. ఒకవేళ అంటున్న."

"ఒకవేళల మీద విశ్వాసం నిలవది జోస్నా."

"నాకు భయమైతుంది."

"భయం సైతానుది. అందరి ముందర నిలబడి చెప్పిన, కుట్టు లేకుండ దేవుడిస్తడని. ఇప్పుడు పోయి కుట్టేపిస్తే నా సాక్ష్యం ఏమైతది? దసరా దాటినంక నన్ను సంఘపెద్దను చేస్తమన్నరు అయ్యగారు. జర ఓపిక పట్టు."

"బిడ్డ ఏమైతదని అడగరా?"

"దేవుడు చూస్కుంటడు."

విసనకర్ర ఊపుతూనే ఉన్నాడు. ఆమెకు అప్పుడు తెలిసింది. బిడ్డ బతికినా సాలోమోనుకు పేరే, చచ్చినా పేరే. పోగొట్టుకునేది తనొక్కతే.

కింది పోర్షన్‌లో ఇంటి ఓనరు కుసుమకుమారి ఉంటుంది. తెనాలి వైపు మనిషి, వితంతువు, నోరు ఆగదు. మరునాడు జోస్నా బకెట్టుతో మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటే ఆమె చూసింది.

"ఏమ్మా, మీ సమ్మెలో నీళ్ల మోతకి మినహాయింపు లేదా? దించు ముందు. ఎన్నో నెల?"

"ఆంటీ, మెల్లగ."

"మెల్లగా అంటే పైన ఎవరికీ తెలీదన్నమాట. మీ ఆయనక్కూడానా?"

"తెలిస్తే మందిరంల చెప్తరు."

"చెబితే ఏం?"

జోస్నా మెట్టు మీద కూర్చుంది. "పుట్టకముందే అందరు చూసేస్తరు ఆంటీ. పోయినంక కూడ చూస్తనే ఉంటరు."

కుసుమకుమారి బకెట్టును పక్కకు జరిపింది. "మీ దేవుడి సంగతి నాకు తెలీదు. డాక్టర్ల సంగతి తెలుసు. రేపు పొద్దున వెళ్దాం. దారిలో ఎవరైనా ఆపితే జై తెలంగాణ అంటాను, పోయేదేముంది."

"మీరంటే పట్టుకుంటరు ఆంటీ. ఆ యాసకు."

"అయితే నువ్వే అనవే!"

దారిలో చైతన్యపురి దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. ఆటోను ఆపిన పిల్లలు జోస్నా ముఖం చూసి, "దవాఖానకా అక్కా? పో, పో," అని దారి ఇచ్చారు. మలక్‌పేట దవాఖానలో నర్సు కుట్టు వేయడానికి భర్త సంతకం అడిగింది. కుసుమకుమారి పెన్ను లాక్కుంది. "నేను పిన్నిని." నర్సు పేర్లు చూసింది. "మీరు కుసుమకుమారి, ఆమె జోస్నా. పిన్నెట్లయితరు?" "ఎందుకవను? పిన్నులకి మతం ఉంటుందా?" నర్సు నవ్వి కాగితం తీసుకుంది.

కుట్టు వేసే బల్ల మీద పడుకున్నప్పుడు జోస్నాకు సిలువ వేయబోయే ముందు రాత్రి తోటలో ఒంటరిగా మోకరించిన యేసు గుర్తొచ్చాడు. ఆయన ఆ పూట శ్రమ కావాలని అడగలేదు. ఈ శ్రమ గిన్నె నా దగ్గర్నుంచి తీసెయ్యమని అడిగాడు. చెమట నెత్తురై కారేదాకా అడిగాడు. మెలకువగా ఉండండని వెంట ఉన్నవాళ్లను బతిమాలితే వాళ్లు నిద్రపోయారు. సిలువ దేవుడు చేసింది కాదు, మనుషులు చేసింది. మేకులూ వాళ్లవే. ఇంకొకరి భుజం మీద దాన్ని పెట్టి ఇది దేవుడిచ్చిన కానుక అని చెప్పేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. మోసేవాడు మాత్రం ఆ మాట అనలేదు. ఎందుకు నన్ను విడిచిపెట్టావని అరిచాడు. ఆ అరుపు జోస్నాకు ఎవరూ నేర్పలేదు. సత్తువ ఇయ్యి, ఓర్పు ఇయ్యి అని అడగడమే నేర్పారు. ఆమె కళ్లు మూసుకుని, బిడ్డనియ్యి, అంది.

ఆ తర్వాత కొన్ని వారాలు కుసుమకుమారి అబద్ధాల మీద నడిచాయి. పప్పులు ఏరాలని పిలిచేది, చీరలకు ఫాల్స్ కుట్టాలని పిలిచేది, పిలిచి దివాన్ మీద పడుకోబెట్టేది. "ఆంధ్రామెకు మన కోడలు పనిమనిషి లెక్కైంది," అని రాములమ్మ సణిగింది, ఓనరు కాబట్టి గట్టిగా అనలేదు. ఒకరోజు కుసుమకుమారి మేడ మీదికే వచ్చి సంపు కడిగించాలంది, నీళ్లన్నీ మగవాళ్లే తోడి పైన డ్రమ్ముల్లో పోసుకోవాలంది. తెలంగాణ కోసం ప్రార్థనకు వచ్చినవాళ్లంతా బకెట్లు పట్టుకున్నారు. సాలోమోను కూడా మోశాడు. మోసి నడుం పట్టేసిందని రెండు రోజులు పడుకున్నాడు. జోస్నా ఆ నడుముకు జండూబామ్ రాసింది.

ఒక మధ్యాహ్నం దివాన్ మీద పడుకుని ఉంటే ఎల్బీనగర్ వైపు ఊరేగింపు పోతోంది. డప్పులు దగ్గరికి వచ్చాయి. లోపల చిన్నగా, చేప తోక ఆడించినట్టు కదిలింది. ఆమె లేచి కూర్చుంది. "ఏంటి, నెప్పా?" అంది కుసుమకుమారి. కాదని తల ఊపింది. "మరి?" "డప్పులకు లేచింది ఆంటీ." కుసుమకుమారి వీధి వైపు చూసి, "ఇదీ వాళ్ల పార్టీయేనా, నా ఖర్మ," అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

దసరా వెళ్లిన వారంలో ఉమ్మనీరు పోయింది. పప్పులు ఏరుతుండగా పోయింది. కుసుమకుమారి మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసింది. "రాములమ్మా! మా చెల్లెలి కూతురికి నెప్పులొచ్చాయి. జోస్నాను సాయం తీసుకెళ్తున్నాను, రేపు పంపిస్తాను!"

"తీస్కపోండ్రి," అంది రాములమ్మ పైనుంచి. "గట్లనన్న పురుడు చూస్తది."

కుట్టు ఆగలేదు. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, కుట్టు తప్పు కాదు, నీ తప్పూ కాదు, ఒక్కోసారి ఎంత చేసినా నిలవదు అంది. ఎందుకు నిలవదో తనకూ తెలియదంది. దేవుని చిత్తమనలేదు, పరీక్ష అనలేదు. తెలియదన్న ఆ ఒక్క మాటే జోస్నాకు ఆ రోజు ఆసరా అయింది. ఆడపిల్ల. ఒళ్లో పెట్టమని అడిగితే పెట్టారు. ఆమె ప్రార్థన చేయలేదు. ఏడ్చింది. వినేవాళ్లు లేని చోట, ముగింపు చెప్పాల్సిన పని లేకుండా, గొంతు ఎక్కడ పూడుకుపోతే అక్కడ ఆగి, మళ్లీ మొదలుపెట్టి ఏడ్చింది. కుసుమకుమారి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మరునాడు ఇంటికి వచ్చి బియ్యం కడిగింది. పాలు పడ్డాయి. జాకెట్టు లోపల పాత చీర ముక్క మడిచి పెట్టుకుంది.

"పురుడు ఎట్లయింది?" అంది రాములమ్మ.

"ఆడపిల్ల."

"మంచిగున్నదా?"

"బతకలే అత్తమ్మా."

"దేవుని చిత్తం. అన్నం జర మెత్తగ వండు, పళ్లు నొస్తున్నయి."

నవంబరు మొదటి ఆదివారం సాలోమోనును సంఘపెద్దను చేసే రోజు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద అయ్యే మనిషి భార్య లేచి నిలబడాలి. అయ్యగారు ఆమెను ఒక ప్రశ్న అడుగుతారు. ఈ సహోదరుడు తన ఇంటివారిని బాగుగా ఏలుతున్నాడని సంఘం ఎదుట సాక్ష్యమిస్తావా? ఇస్తాను అని ఆమె అనాలి. భార్య సాక్ష్యం లేనిదే తల మీద చేతులుంచి ప్రార్థన చేయరు. ఇప్పటిదాకా ప్రతి భార్యా ఇస్తాననే అంది. శనివారమంతా సాలోమోను గుర్తు చేశాడు. "ఒక్క మాటే గదా. జర గట్టిగ అను. మైకు సక్కగ లేదు."

ముందు ఆయన తన సాక్ష్యం చెప్పాడు. మొదటి బిడ్డ, రెండో బిడ్డ, మూడో బిడ్డ. పూడుకుపోయే చోట గొంతు పూడుకుపోయింది. చివర కొత్త మాట చేర్చాడు. "నాలుగో బిడ్డను ప్రభువు తప్పకుండ ఇస్తడు. గది కూడ ఈ హాలుల మీరే చూస్తరు." ఆమెన్ అన్నారందరూ. చాప మీద జోస్నా జాకెట్టు లోపల పాల తడి తగిలి, రెండు చేతులూ కట్టుకుంది.

అయ్యగారు పిలిచారు. లేచింది. ప్రశ్న అడిగారు.

"ఇయ్యను అయ్యగారు," అంది.

వినపడలేదనుకున్నారు. ఎవరో మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. "మరొక్కసారి చెప్పు సహోదరీ."

"ఇయ్యను."

ఈసారి బయట స్పీకరులో కూడా వినపడింది. కుర్చీలు కిర్రుమన్నాయి. రాములమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాలోమోను రెండడుగులు దగ్గరికి వచ్చి, "జోస్నా, ఇజ్జత్ తియ్యకు," అన్నాడు పళ్ల మధ్యనుంచి.

"కారణం చెప్పాలి కదమ్మా," అన్నారు అయ్యగారు. గొంతు మెత్తగానే ఉంది. "కొట్టాడా? తాగుతాడా?"

"లేదయ్యగారు."

"మరి?"

చెప్పవచ్చు. చెబితే హాలంతా ఏడుస్తుంది. చేతులు ఆమె పొట్ట మీదికి వస్తాయి. సాలోమోను మోకాళ్ల మీద పడతాడు, నిజంగానే పడతాడు. డిసెంబరు మొదటి ఆదివారం లేచి నిలబడి, నాలుగో బిడ్డ, అని మొదలుపెడతాడు. ఆమెకు అంతా కనపడింది.

"కారణమున్నది," అంది. "చెప్పను."

మైకు తిరిగి ఇచ్చేసి కూర్చుంది. అయ్యగారు చేతులుంచే ప్రార్థన మరొకరోజు అని చెప్పి, బల్ల మీది గుడ్డ తీశారు. రొట్టె పళ్లెం చాపల మీదుగా వచ్చింది. పక్కనున్న ఆమె జోస్నాను దాటించి అవతలికి అందించబోయింది. జోస్నా చెయ్యి చాచి తన ముక్క తీసుకుంది. ఎవరి ముఖమూ చూడకుండా మెల్లగా నమిలింది.

ఆడపిల్ల సంగతి జోస్నాకు తెలుసు, కుసుమకుమారికి తెలుసు, యేసయ్యకు తెలుసు. ముగ్గురూ ఎవరికీ చెప్పరు.